అమ్మ కంట్లో నేను

మా చిన్నప్పుడు ఒకసారి అమ్మ కంట్లో సున్నం పడింది...

ధర్మపురిలో ఇళ్ళు కట్టేచోట అమ్మ చిత్తాళు. అంటే మేస్త్రీకి ఇటుకలు, సున్నం అందించే కూలి. ఆరోజు తొట్టిలో ఉడుకుతున్న సున్నం ఎగిరి కంట్లో చిందింది. తోటి ఆడవాళ్ళు కడవలకొద్దీ నీళ్ళు పోసి కడిగారట. ఆసుపత్రిలో చుక్కల మందు వేసి, చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

నేను బడినుంచి వచ్చేసరికి అమ్మ కంటికి తడిగుడ్డ పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. అయ్యో దేవుడా... ఆ భయం ఇప్పటికీ పోలేదు నాకు.

మావాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. ఎదుటివాళ్ళ కంట్లోకి చూస్తే మన బొమ్మ చిన్నగా కనబడుతుంది కదా... అది కనబడితే ఆ కంటికి ఢోకా లేదని.

రోజూ పొద్దున్నే అమ్మ పిలిచేది.

"ఇట్లా రా పాపా... కంట్లో బొమ్మ ఉందా చూడు."

ఎర్రగా వాచిన కన్ను... పైన తెల్లటి పొర.

"లేదుమా."

"సరే పో, బడికి టైమయింది" అని అటు తిరిగేది. బడిలో కూర్చున్నా నా ప్రాణం ఇంట్లోనే ఉండేది.

ఒకరోజు వాకిట్లో లేత ఎండ... అమ్మ మెల్లగా కన్ను తెరిచింది. పొర పలచబడింది. నల్లగుడ్డులో రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు...

"అమ్మా! నేనుండాను!" వీధి అదిరేలా అరిచాను.

"ఉండక యాడికి పోతావే" అంటూ నన్ను పట్టుకుని భోరుమంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇంగ్లీషు టీచరమ్మ, ఒంటి భాగాలకు ఆ పేర్లు ఎలా వచ్చాయో చెప్పారు. మజిల్ అంటే పాత భాషలో చిట్టెలుకట! పిల్లలంతా చేతులు మడిచి ఎలుకల్ని వెతుక్కున్నారు. ఇక కంటిపాపను ప్యూపిల్ అంటారు కదా... అంటే చిన్న బొమ్మట. ఎదుటివాళ్ళ కంట్లో మనం బొమ్మలా కనబడతామని ఆ పేరట.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. అమ్మ పగిలిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆశ్చర్యంతో నోరు తెరుస్తుందనుకుంటే నవ్వింది.

"అంతే కదే... ఆ పేరు పెట్టినోళ్ళూ చిన్నప్పుడు వాళ్ళమ్మ కండ్లల్లోకే చూసింటారు."

ఇప్పుడు నా కొడుకు నా ఎదురుగానే కూర్చుంటాడు. వాడి కంట్లో మాత్రం నలుచదరపు వెలుగు... ఫోనుది. మొన్న ఆ ఫోను లాక్కుని, గడ్డం పట్టుకుని చూశాను.

"ఏందిమా?" అని విసుక్కున్నాడు గానీ... ఉన్నాను. నెరిసిన జుట్టుతో, ఇంతే ఇంత.

మీరు ఈమధ్య ఎవరి కంట్లో కనబడ్డారు?... చెప్పండి, వినాలని ఉంది.