మధ్యలో ఎవరో జవాబిస్తున్నారు

లోవలక్ష్మి ఉప్పాడ పిల్ల. తండ్రి అమ్మిరాజు సముద్రం మీద వేటకెళ్ళేవాడు, తల్లి మరిడమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం దాకా తిరిగేది. ఆ ఇంట్లోంచి కాకినాడ వెళ్ళి ఎం.సి.ఏ. చదివి, రాజమండ్రి శివార్లలో కోరుకొండ రోడ్డు మీదున్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరింది. మాట తక్కువ, పని మీద పట్టు ఎక్కువ. ఎవరైనా "అయిపోయిందండి" అంటే వెళ్ళి కళ్ళారా చూసొచ్చేదాకా కుదురుండేది కాదు.

కాలేజీలో ఆమెకి పేరు తెచ్చిన పని ఒకటుంది. ఒక కంప్యూటర్‌ని అన్ని విధాలా సిద్ధం చేసి, దాని మొత్తం నకలు సర్వర్‌లో పెట్టింది. ఇమేజ్ అంటారు దాన్ని. మిగతా కంప్యూటర్లు స్విచ్ వేయగానే నెట్‌వర్క్ మీంచే ఆ ఇమేజ్‌ని ఎక్కించుకునేవి. సీడీలు పట్టుకుని ఒక్కోదాని ముందూ పడిగాపులు పడే బాధ అందరికీ తప్పింది.

2007 వానాకాలంలో కొత్త బ్లాకు తెరిచారు. ఆన్‌లైన్ పరీక్షలు అక్కడే పెట్టాలన్నారు. లోవలక్ష్మి వెళ్ళి కొత్త కంప్యూటర్లు ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకి, చివర్న ఎర్రర్ చూపించి ఆగిపోయాయి. ఒకటి కాదు, వరస మొత్తం అంతే.

ఆమెకి మొదట గుర్తొచ్చిన మనిషి గణేష్‌బాబు. కొత్తగా వచ్చిన నెట్‌వర్క్ ఇంజనీరు, జంగారెడ్డిగూడెం వైపు రైతు బిడ్డ. కొత్త బ్లాకుని వేరే సబ్‌నెట్‌గా విడదీసింది అతనే. అంటే ఒకే ఊళ్ళో రెండు వాడలు చేసి, మధ్యలో రౌటర్‌ని కాపలా పెట్టడమన్నమాట. కంప్యూటర్ లేస్తూనే "నాకు అడ్రసు ఎవరిస్తారు? నేనేం ఎక్కించుకోవాలి?" అని కేకేస్తుంది. ఆ కేక వాడ దాటి పోదు. రౌటర్ దాన్ని అందుకుని అవతలి వాడలోని సర్వర్‌కి చేరవేయాలి. దాన్నే రిలే అంటారు. రౌటర్ పాస్‌వర్డ్ గణేష్‌బాబు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

"రిలే పెట్టలేదాండీ మీరు?" అని అడిగింది.

"పెట్టానండి. రౌటర్లో మీ సర్వర్ అడ్రసు ఇచ్చాను, అది కేకని అటే పంపిస్తుంది. మీ సర్వర్లోనే ఏదైనా మార్చారేమో చూసుకోండి."

ఆ చివరి మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. తను లేనప్పుడు సర్వర్ గదికి ఎవరు వెళ్తున్నారో అటెండర్‌ని వాకబు చేసింది. అప్పటికే గణేష్‌బాబు కూడా తన గురించి అదే వాకబు చేశాడని అటెండర్ నవ్వుతూ చెప్పాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఒకరి చేతులు ఒకరు గమనించుకోవడమే పని.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. కంప్యూటర్లు సరఫరా చేసిన అచ్చిబాబు అక్కడే కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద తాపేశ్వరం కాజాల పెట్టె.

"పాత బ్లాకులో నడిచేది కొత్త బ్లాకులో ఎందుకు నడవదమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "కొత్త కంప్యూటర్లు మీకు ఇష్టం లేదా ఏంటి? కావాలని చేస్తున్నారని బయట అనుకుంటున్నారు."

"ఎవరండీ అనుకునేది?"

ప్రిన్సిపాల్ గారు కాజాల పెట్టె ఆమె వైపు జరిపారు. అచ్చిబాబే అందుకున్నాడు. "మేడమ్ గారి తప్పేం లేదండి, పద్ధతి పాతది. మా సాఫ్ట్‌వేర్ పెట్టుకుని మెయింటెనెన్స్ మాకిచ్చేస్తే ఈ తలనొప్పులే ఉండవు."

లోవలక్ష్మి కాజా ముట్టుకోకుండా బయటికొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది. తిన్నగా వెళ్ళి కొత్త కంప్యూటర్ ఒకటి పాత బ్లాకుకి మోయించింది. అక్కడ పెట్టగానే ఇమేజ్ నిక్షేపంలా ఎక్కింది. పాతది కొత్త బ్లాకులో పెడితే ఎర్రర్. యంత్రం మంచిదే, ఇమేజ్ మంచిదే. దారిలోనే ఉంది తంటా. దారి గణేష్‌బాబుది.

"ఇప్పుడేమంటారు?" అని నిలదీసింది.

అతను ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, రౌటర్లోకి వెళ్ళి చూపించాడు. రిలే ఉంది. అడ్రసు ఆమె సర్వర్‌దే, అక్షరం పొల్లుపోలేదు. ఆమె తన సర్వర్ లాగ్, అంటే దాని రాకపోకల చిట్టా, తెరిచింది. కొత్త బ్లాకు కేకలన్నీ వచ్చాయి, ప్రతిదానికీ సర్వర్ జవాబు పంపింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే మధ్యలో ఎవరండీ?" అన్నాడు గణేష్‌బాబు. ఆ గొంతులో మొదటిసారి ఆమెకి దాపరికం వినపడలేదు.

అన్నాళ్ళూ ఆమె చివరి ఎర్రర్ లైనే చదువుతోంది. ఈసారి పైన అక్షరాలు పాకుతుండగా పాజ్ మీట నొక్కింది. తెర ఆగింది. "నీ సర్వర్ ఫలానా" అని చూపించే చోట ఉన్న అడ్రసు ఆమె సర్వర్‌ది కాదు. కొత్త బ్లాకులోదే. ఎవరో దగ్గర్నుంచి, ఆమె సర్వర్ కంటే ముందే జవాబిస్తున్నారు. కంప్యూటర్ ఆ మాట నమ్మి అక్కడికి వెళ్ళి, లేని ఫైలు అడిగి బోర్లా పడుతోంది.

ఆ అడ్రసు ఏ తీగ మీద ఉందో గణేష్‌బాబు తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో వెతికాడు. కొత్త బ్లాకు సెమినార్ హాలు. తాళం వేసి ఉంది. తాళంచెవి తెప్పించి లోపలికెళ్తే వేదిక కింద చెక్క అరలో, మానిటర్ లేకుండా, అచ్చిబాబు కంపెనీ స్టిక్కరున్న ఒక సీపీయూ చిన్నగా రొద చేస్తూ నడుస్తోంది.

ప్రిన్సిపాల్ గారు కబురు పెడితే అచ్చిబాబు వచ్చాడు. చూడగానే నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, మా సాఫ్ట్‌వేర్ డెమోకి తెచ్చిందండి! మా కుర్రాళ్ళు మర్చిపోయినట్టున్నారు."

"డెమో వేసవిలో, బ్లాకు తెరవకముందే ఇక్కడ పెట్టారు కదండీ," అంది లోవలక్ష్మి. "అప్పటికి ఈ హాలుకి నెట్‌వర్క్ తీగే లాగలేదు. మరి దీనికి తీగ ఎవరు తగిలించారు?"

"ఎవరో తగిలించేసుంటారమ్మా," అన్నాడతను, ఎటో చూస్తూ.

"మర్చిపోయామంటున్నారు కదా, వదిలెయ్యండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

తీగ పీకారు. కొత్త బ్లాకులో వరస వరసంతా ఇమేజ్ ఎక్కించుకుంది. గణేష్‌బాబు ఆ సాయంత్రమే, ఆమె సర్వర్ తప్ప మరే యంత్రమూ అలాంటి కేకలకి జవాబివ్వకుండా స్విచ్‌లన్నీ కట్టుదిట్టం చేశాడు. పాస్‌వర్డ్ ఆమెకీ చెప్పాడు. పరీక్షలు సజావుగా జరిగాయి.

పరీక్షలయ్యాక ఆమె ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళింది. "సార్, కావాలని చేస్తున్నానన్న మాట అచ్చిబాబు గారి ముందు అన్నారు. ఆయన ముందే వెనక్కి తీసుకోండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫోను తీసి అచ్చిబాబుకి కలిపారు. "మెయింటెనెన్స్ మా మేడమ్ గారే చూసుకుంటారండి. మీరు ఇక రానక్కర్లేదు," అని పెట్టేశారు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

అడిగింది అది కాదు. అయినా ఆమె "థాంక్సండి" అని వచ్చేసింది.

గణేష్‌బాబు తర్వాత విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. ఆ సీపీయూని నిజంగానే మర్చిపోయుంటారండీ, మనుషులు మరీ అంత చెడ్డవాళ్ళు కారు అంటాడు. లోవలక్ష్మి ఇప్పటికీ ఒప్పుకోదు.