కాగితం చుట్టిన అయస్కాంతం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొగని ఎవరూ తిట్టేవారు కాదు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, నాన్నకి వచ్చిన రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బొగ్గు ఇంజన్ల కాలంలో వర్క్‌షాపులో చేరిన మా తాతయ్య లెక్కలో పొగ ఉంటే పని ఉన్నట్టు, పని ఉంటే అన్నం ఉన్నట్టు.

ఊరి బయట ఇనుము ఫ్యాక్టరీలు లేచినప్పుడు అందరికంటే సంబరపడింది ఆయనే. ఇక్కడి ఇనుము ఓడలెక్కి పై దేశాలకు పోతుందని వీధంతా చెప్పేవాడు. రైల్వేలో ఉద్యోగం దొరకని మా బాబాయిని తనే తీసుకెళ్లి అక్కడ చేర్పించాడు. ఎండబెట్టిన వడియాల మీద నల్లపొడి పడుతోందని మామ్మ గొణిగితే, మసి తిని బతికినోళ్లమే కదా అని నవ్వేసేవాడు.

రెండేళ్లకి బాబాయికి దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు వాడినా పోలేదు.

ఒకరోజు నేను వడియాలు తుడుస్తుంటే తాతయ్య తన పాత పనిముట్ల పెట్టెలోంచి అయస్కాంతం తీసి, కాగితం చుట్టాడు. ముందు వంటింటి పొయ్యి మసి మీద తిప్పాడు. ఏమీ అంటలేదు. తర్వాత మామ్మ వడియాలు పెట్టిన తెల్లచీర మీద తిప్పాడు. కాగితం నిండా నల్లటి నూగు లేచి నిలబడింది. లోపల బాబాయి దగ్గుతున్నాడు.

"ఇది మసి కాదే అమ్మీ, ఇనుము," అన్నాడు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్లాడు. "నాను తప్పు సెప్పినాను రా. మానెయ్."

"మానేస్తే ఏటి తింటాం నాన్నా?"

తాతయ్య కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాడు. బాబాయి మానలేదు. నలభై దాటకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ అయస్కాంతం నా దగ్గరుంది. మా ఆయన కూడా ఆ ఫ్యాక్టరీకే డ్యూటీకి వెళ్తారు. అప్పట్లో కడుపులో పాప ఉందని, అక్కడైనా సరే చేరమన్నది నేనే. పాపకి ఇప్పుడు నాలుగేళ్లు. ఈ చలికాలమంతా దగ్గుతూనే ఉంది. రోజూ దాని మంచం పక్క కిటికీ గట్టు మీద కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పుతాను. రోజూ నూగు లేస్తుంది. ఎవరూ చూడకుండా దులిపేస్తాను. చూపిస్తే బాబాయి అడిగిందే మా ఆయనా అడుగుతారు. దానికి జవాబు తాతయ్య దగ్గరే లేదు, నా దగ్గర ఎక్కడిది?

కానీ జవాబు లేకుండానే తాతయ్య ఆ రోజు కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. నాకు మిగిలింది ఆ నాలుగడుగులే. ఇవాళ పొడి దులపలేదు. కాగితం మడిచి, రేపు ఆయన తీసుకెళ్లే టిఫిన్ డబ్బా పక్కన పెట్టాను.