అక్క ఎంచుకున్న పరీక్ష

పక్క వాటాలో ఉండే టైలరు మిషను తొక్కుతూ ఆడిటింగు పాఠాలు వల్లిస్తుంటాడు. ఆయన చదువుకున్న మనిషి కాదు. మాకూ ఆయనకీ మధ్య ఉన్నది పలచటి గోడ. మా అన్నయ్య బతికున్న రోజుల్లో తెల్లవారుజామునే లేచి ఆ గోడ వెంబడి అటూ ఇటూ నడుస్తూ పైకి చదివేవాడు. ఏళ్ళ తరబడి విని విని టైలరుకి నోటికి వచ్చేసింది. ఒక కంపెనీ వచ్చే ఏడాది కూడా నిలబడుతుందో లేదో అని అనుమానం వస్తే ఆడిటరు ఏమేం చూడాలి అన్న పాఠం ఆయనకి బాగా పట్టుబడింది. మిషను వేగం పెరిగితే మాటల వేగం పెరుగుతుంది. దారం తెగితే అనుమానం దగ్గరే ఆగిపోతుంది.

కొడుకు పోయిన ఇంట్లో, పట్టపగలు, గోడలోంచి ఆ మాటలు వినిపించేవి. అమ్మ మొదట్లో చేతిలో పని వదిలేసి వెళ్ళి గోడకి చెవి ఆనించేది. తర్వాత్తర్వాత కొళాయి బాగా విప్పి పెట్టడం మొదలుపెట్టింది.

అన్నయ్య రాసింది ఆడిటర్ల పరీక్ష. అది పాసైతే తప్ప కంపెనీ లెక్కల కింద సంతకం పెట్టే హక్కు రాదు. ఒక ఆడిటరు దగ్గర చాకిరీ చేస్తూ, పేపర్లని రెండు గ్రూపులుగా గట్టెక్కాలి. మొదటి గ్రూపు గట్టెక్కాడు. రెండోది ప్రతిసారీ కొద్దిలో తప్పేది. తప్పిన ప్రతిసారీ ఇంట్లోనూ వీధిలోనూ ఒకటే మాట, ఏమైందిరా ఈసారి అని. ఆఖరిసారి ఫలితాలు చూసుకుని వస్తానని వెళ్ళినవాడు ఇంటికి రాలేదు. మర్నాడు వంతెన దగ్గర నుంచి కబురొచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పరీక్షకి పేరు లేకుండా పోయింది. దాన్ని 'అది' అనేవాళ్ళం, అంతే.

అక్క ఒక రంగుల కంపెనీలో లెక్కల గుమాస్తాగా చేసేది. మేనేజరు మంచివాడే. ఏదో ఒక అర్హత పరీక్ష చేతిలో లేకపోతే ఆ కుర్చీలోనే ముసలిదానివైపోతావని మొహం మీదే చెప్పాడు. అక్క రెండు సంస్థల పుస్తకాలు తెచ్చి నేల మీద పరిచింది. ఒకటి కాస్ట్ అకౌంటింగు. డబ్బా రంగు తయారు చెయ్యడానికి నిజంగా ఎంతవుతుంది, ఎక్కడ దండగ పోతోంది, ఇలాంటివి తేల్చే చదువు. ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చు. రెండోది 'అది'.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, సలహా చెప్పడానికి వచ్చాడు. జన్మలో ఒక్క పరీక్ష కూడా పూర్తిగా రాయని మనిషి కాబట్టి అన్ని పరీక్షల గురించీ మాట్లాడగలడు. ఈసారి మాత్రం సరిగ్గానే చెప్పాడు. చేతిలో జీతం వదలకు, కాస్ట్ చదువు, ఫ్యాక్టరీలున్నంత కాలం దానికి గిరాకీ ఉంటుందన్నాడు. అమ్మ ఆ రెండో పుస్తకాన్ని కాలితో తాకకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, "నీకేది ఇష్టమైతే అది చదువుకో. అది మాత్రం వద్దు," అంది. ఒకే మాటలో రెండు 'అది'లున్నా ఏది ఏదో మాకందరికీ తెలుసు. అక్క సరేనంది.

కాస్ట్ పరీక్షకి పేరు నమోదు చేసుకోబోయే ముందు టైలరు దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ చదువు మొదలెడుతున్నాను, అమ్మకి కూడా కష్టంగా ఉంటోంది, ఆ పాఠాలు ఆపెయ్యండి బాబాయ్ అని అడిగింది. ఆయన బిత్తరపోయాడట. తన నోట్లోంచి అవి వస్తున్నట్టు ఆయనకే తెలియదు. కత్తెర సర్దుకుంటూ ఒక మాట చెప్పాడు.

"చదివేటప్పుడు మీ అన్న సంతోషంగా ఉండేవాడమ్మాయ్. తప్పు చదివితే తనలో తనే నవ్వుకునేవాడు. ఫలితాలొచ్చాకే, ఆ గొంతు నాకు వినపడేది కాదు."

గోడకి ఇవతల అన్నేళ్ళున్న మాకు ఆ నవ్వు సంగతి తెలియదు.

అక్క ఇంటికొచ్చి ఆడిటర్ల పరీక్షకే వెళ్తానంది. అమ్మ అరవలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ, పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెడుతూ, "నువ్వు కూడానా?" అంది.

ఏటా ఆడిటర్లు కంపెనీకి వచ్చి ప్రశ్నలడుగుతారనీ, జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చిందనీ, తనకి అడిగే వైపు కూర్చోవాలని ఉందనీ అక్క చెప్పింది. ఆ కోరిక అన్నయ్య పోకముందు నుంచీ తనకి ఉందట. అది కూడా మాకు తెలియదు.

"అన్నయ్య చదువుకి భయపడలేదమ్మా. ఇంటికొస్తే మనం అడుగుతామని భయపడ్డాడు. ఈ ఇంట్లో నన్నెవరూ ఫలితం అడగొద్దు. నేనే చెప్తే వినండి. చెప్పకపోతే అన్నం పెట్టండి."

ఆ పూట కూడా వచ్చి కూర్చున్న మావయ్య ఆగలేకపోయాడు. "అడక్కపోతే ఎలా తెలుస్తుందే?"

"తెలియకపోతే ఏమవుతుంది మావయ్యా?"

ఆయన లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

అక్క ఉద్యోగం మానేసి ఒక ఆడిటరు దగ్గర శిక్షణకి చేరింది. ఇంట్లో చదివేటప్పుడు పెదవి కూడా కదిపేది కాదు. టైలరు మాట మీద నిలబడ్డాడు. ఇల్లంతా మిషను చప్పుడు ఒక్కటే, దాని వెనక ఏమీ లేదు. అమ్మ చెయ్యి ఎప్పటిలాగే కొళాయి మీదికి వెళ్ళి, విప్పకుండానే ఉండిపోయేది. ఒకరోజు నాతో కూడా చెప్పకుండా పక్క వాటాకి వెళ్ళింది. పిల్ల ఆఫీసుకి వెళ్ళాక ఎప్పుడైనా కొంచెం చదవండన్నయ్యా అని ఆయన్ని అడిగిందట. ఆయన ప్రయత్నించాడు పాపం. కావాలని తలుచుకుంటే ఒక్క ముక్కా రాలేదట. ఇద్దరూ కూర్చుని ఆ మిషను వంక చూస్తూ ఉండిపోయారు.

అక్క పరీక్ష రాసింది. ఫలితాల రోజు పొద్దున తల దువ్వుకుని బయల్దేరింది. ఎప్పుడొస్తావని అమ్మ అడగలేదు. అది కూడా అడగడమే అవుతుందేమోనని భయపడింది. మధ్యాహ్నం మావయ్య ఫోను చేస్తే తీసి, పలకకుండా బల్ల మీద పెట్టేసింది. ఆయన హలో హలో అనడం గదంతా వినపడింది. నేను వంతెన వైపు వెళ్ళొద్దామని రెండుసార్లు చొక్కా వేసుకుని విప్పేశాను.

ఎండ తగ్గాక అక్క వచ్చింది. మొహం కడుక్కుంది. మొహాన్ని చదవబోయాను కానీ నీళ్ళ తడి తప్ప ఏమీ కనపడలేదు. అమ్మ కంచం పెట్టింది. వడ్డిస్తుంటే సగం మెతుకులు కంచం బయట పడ్డాయి. అక్క వాటిని ఏరి పక్కన పెట్టి, తిని, ఇంకొంచెం పెట్టమంది. ఏ మాటా చెప్పలేదు. మేమూ అడగలేదు. పాసైందో తప్పిందో ఆ రోజు మాకు తెలియదు.

ఇంకా బయట వెలుతురు ఉండగానే అమ్మ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్క విడిచిన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చి, తలుపు వేసి గడియ పెట్టింది.