అత్తకు తెలుగులో రాసిచ్చిన ఇంగ్లీషు పాట

మొన్న ఆదివారం చర్చిలో ఎదుటి తెర మీద ఒక ఇంగ్లీషు పాటను తెలుగు అక్షరాలతో వేస్తే, పాడడం మాని ఆ గుణింతాలనే చూస్తూ నిలబడిపోయాను. ఒకప్పుడు ఇదే మెదక్‌లో నేనూ మా మేనత్తా పడ్డ తంటాలే అవి.

అప్పుడు ఆడపిల్లల బడిలో కొత్తగా టీచరుగా చేరి అత్త ఇంట్లోనే ఉండేదాన్ని. అత్తకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు, గొంతు మాత్రం పెద్ద చర్చి చివరిదాకా వినబడేది. ఆ క్రిస్మస్‌కు ఒక పాట ఇంగ్లీషులో ఉంటుందనీ, అది చదవగలిగినవాళ్లే పాడాలనీ పాటలు నేర్పే సారు అనడంతో చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చింది. కాసేపటికి తానే నా దగ్గరికొచ్చి, "తెలుగుల రాసియ్యి బిడ్డా, సారు ముందల పాడి చూపిస్త," అన్నది.

రాయడం సులువే అనుకున్నాను. 'వరల్డ్' అని రాస్తే, తాళంలో ఒక్క దెబ్బ ఉన్నచోట అత్త వ, ర, ల్డు అని మూడు వేసేది. మనమంతా ఇస్కూలు, ఇస్టేషను అన్నట్టే 'స్టార్స్' ముందు ఒక 'ఇ' వచ్చి కూర్చునేది. 'నైట్' చివర 'ఉ' లేకపోతే మాట తెగినట్టుందని ఒప్పుకునేదే కాదు. మన లిపిలో ప్రతి అక్షరమూ తన వంతు కాలం అడుగుతుందని, పిల్లలకు రోజూ గుణింతాలు చెప్పే నాకు అప్పుడే తెలిసింది. పొల్లులు పెట్టాను, వత్తులు మార్చాను. చివరికి అత్తే, "ఆగొద్దన్న కాడ అక్షరం చిన్నగ రాయి, నేను చిన్నగ అంట," అన్నది. 'ఫ'కు కింది పెదవి మీద పళ్లు ఆనించాలని చెబితే, మామ నవ్వుతున్నా పట్టించుకోకుండా జొన్నరొట్టెలు కాలుస్తూ అదే సాధన.

సారు ముందు అత్త పాడిన సాయంత్రం నేనూ వెంట వెళ్లాను. 'స్టార్స్' చక్కగా దాటింది కానీ, 'నైట్' దగ్గర ఆ 'ఉ' రానే వచ్చి, చర్చి కప్పు దాకా వెళ్లి మళ్లీ మా చెవిన పడింది. సారు కాగితం తీసుకుని, ఆ పెద్దా చిన్నా అక్షరాలను వేలితో వెంబడిస్తూ తానూ మెల్లగా పాడి చూశాడు. "రేపటిసంది మీరు గూడ రాండ్రి అమ్మా," అన్నాడు అత్తతో. తర్వాత నా వైపు తిరిగి, ఇంకొందరికి కూడా అలాగే రాసిమ్మన్నాడు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో చిన్నవాళ్లందరికీ ఇంగ్లీషు ఇంగ్లీషులాగే పలుకుతుంది, సంతోషమే. ఒక పరాయి మాట నోట్లో ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుందో వెతుక్కుంటూ ఇద్దరు మనుషులు పొయ్యి ముందు కూర్చుని పొద్దుపుచ్చడం మాత్రం ఇప్పుడు ఏ ఇంట్లోనూ నాకు కనబడదు.