కనకదుర్గ ఉప్పుచేపల కళ్లం

పొద్దున్నే లేవగానే కనకదుర్గ వంటింటి ఉప్పు జాడీలో రెండు వేళ్లు పెట్టి చూసుకుంటుంది. ఉప్పు పొడిగా వేళ్ల సందుల్లోంచి జారితే ఆ రోజు ఎండ నిలుస్తుంది. వేళ్లకు అంటుకుంటే గాలిలో చెమ్మ ఉన్నట్టు. అలాంటి రోజు చేపలు పరిస్తే సాయంత్రానికి పురుగు పడుతుంది.

ఈ సంగతి ఆమెకు నేర్పింది భర్త అక్క వరలక్ష్మి. వరలక్ష్మి యానాం ఫరంపేటలో పుట్టి కాలవ అవతలి ఊరికి కోడలయింది. కనకదుర్గ అదే అవతలి ఊళ్లో పుట్టి ఫరంపేటకు కోడలుగా వచ్చింది. పెళ్లితో ఒకరి రేషన్ కార్డు ఆంధ్రకు పోయింది, ఇంకొకరిది పుదుచ్చేరి పాలనలోని యానాంకు వచ్చింది. మధ్యలో ఉన్నది చిన్న వంతెన. రోజూ దాన్ని దాటి వచ్చి చేపలకు ఉప్పు పట్టించే వరలక్ష్మికి అదొక సరిహద్దని ఎప్పుడూ తోచలేదు.

పన్నెండుమంది ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకుని, చేపలు ఎండబెట్టే సిమెంటు కళ్లం వేసుకుని, పదేళ్లు ఉప్పుచేపలు అమ్మారు. తరవాత వానలు కాలం కాని కాలంలో పడడం మొదలైంది. చైత్రంలో ఒకసారి, వైశాఖంలో రెండుసార్లు సగం ఎండిన సరుకంతా గోతిలో పూడ్చారు. మరో రెండు వేసవులు ఇలాగే గడిస్తే సంఘం ఉండదని కనకదుర్గకు అర్థమయింది. వాన పడ్డా లోపల చేప ఎండే గాజు కప్పు షెడ్డు ఒకటి ప్రభుత్వ పథకం కింద ఇస్తున్నారని విని దరఖాస్తు తెచ్చుకుంది.

సభ్యులు కనీసం పదిమంది ఉండాలి, అందరికీ యానాం కార్డే ఉండాలి అని నిబంధన. వాళ్లలో నలుగురివి ఆంధ్ర కార్డులు. కనకదుర్గ వారం రోజులు ఆలోచించి ఆ నలుగురి పేర్లూ తీసేసింది. కాగితం మీద మాత్రమేనని, పని ఎప్పటిలాగే చేసుకుందామని చెప్పింది. వరలక్ష్మి సరేనంది. లెక్కకు తగ్గిన ఇద్దరి చోట సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే కోడలు మౌనిక పేరు, పక్కింటి సాయిదివ్య పేరు రాయించింది. ఇద్దరూ చేప వాసనకు ముక్కు మూసుకునేవాళ్లే.

తనిఖీకి ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు. మర్యాదస్తురాలు. పాత సభ్యులను వదిలేసి నేరుగా మౌనికను పలకరించి, ఉప్పు ఎంత పడుతుందని అడిగారు.

"అత్తయ్యని అడిగి చెప్తానండి," అంది మౌనిక. అందరూ నవ్వారు, మేడమ్ కూడా నవ్వారు.

కళ్లం పక్కన బేసిన్ పట్టుకుని నిలబడ్డ వరలక్ష్మి ఉండబట్టలేకపోయింది. "మూడు పాళ్ల చేపకి ఒక పాలు ఉప్పమ్మా. ముసురు పట్టిందనుకో, ఇంకో గుప్పెడు. కడుపులో కూడా కూరాలి, లేపోతే లోపల కుళ్లిపోద్ది."

మేడమ్ రాసుకుంటున్న చెయ్యి ఆపారు. "ఈవిడ మీ సభ్యురాలేనా?"

కనకదుర్గ తల దించుకుంది. "కాదండి. మా చుట్టాలావిడ. చూసిపోదామని వచ్చింది."

వరలక్ష్మి బేసిన్ కింద పెట్టి, చేతుల ఉప్పు దులుపుకుని, వంతెన వైపు నడిచింది.

నెల తరవాత దరఖాస్తు తిరిగివచ్చింది. సభ్యులకు పనిలో తగినంత అనుభవం లేదని రాసి ఉంది.

ఆ సాయంత్రమే కనకదుర్గ కాలవ దాటింది. వరలక్ష్మి పీట వేసి కాఫీ ఇచ్చింది. మళ్లీ రమ్మని, ఈసారి ఉన్నదున్నట్టు రాసి ఇంకోచోట దరఖాస్తు పెడదామని కనకదుర్గ బతిమాలింది.

"పేరు కొట్టేసినప్పుడు నేనేం అనుకోలేదే కనకం," అంది వరలక్ష్మి. "కార్డుదేముంది, కాగితం. నా పుట్టింటి కళ్లంలో, మా అమ్మ నేర్పిన పని చెప్తుంటే, చూసిపోదామని వచ్చిందన్నావే."

"భయమేసింది వదినా."

"తెలుసు. కాఫీ చల్లారిపోద్ది, తాగు."

ఆ తరవాత వరలక్ష్మి రాలేదు. ఆమెతో వచ్చే ముగ్గురూ మానేశారు. అక్టోబరు ముసురుకు మిగిలిన సరుకు పోయింది. సభ్యులు ఒక్కొక్కరే రొయ్యల కంపెనీల వ్యాను ఎక్కారు. సంఘం రద్దుకు చివరి సంతకం కనకదుర్గే పెట్టింది.

ఆమె ఇప్పుడు ఒక రొయ్యల కంపెనీలో తలలు తీసే పని చేస్తోంది. చలిగదిలో రోజుకు తొమ్మిది గంటలు నిలబడాలి. పొద్దున్నే ఉప్పు జాడీలో వేళ్లు పెట్టి చూసుకోవడం మాత్రం మానలేదు.