సూటుకు జిప్పు, రెండు వర్గాలకు అవమానం

నీళ్లలో మునిగి తడవకుండా పైకి రావడం వరాలు పొందినవారికి మాత్రమే సాధ్యమని పాతికేళ్లపాటు కావ్యపాఠం చెప్పిన తెలుగు పండితుడను నేను. అది ఒక జిప్పు మీద ఆధారపడిన సంగతి అని నాకు తెలియజెప్పినవాడు మా మేనల్లుడు. విశాఖపట్నంలో నీటి అడుగున మరమ్మతులు చేయడం అతని వృత్తి. జమ్మలమడుగు దాపున ఒక జలాశయంలో అడుగు గేటు బిగుసుకుపోగా, దానిని సడలించే పని మీద ఒక వేసవిలో ప్రొద్దుటూరులోని మా ఇంట దిగాడు.

అతని వెంట మెడ మొదలు పాదాల వరకు ఒకే ముక్కగా ఉన్న నల్లని రబ్బరు దుస్తు వచ్చింది. డ్రై సూటు అంటారట. మెడకు, మణికట్లకు బిగువైన పట్టీలు; లోపలికి దూరడానికి వీపున ఈ భుజం నుండి ఆ భుజం దాకా ఇత్తడి పళ్ల జిప్పు. ఆ జిప్పు పళ్లు కొన్ని ఊడిపోయి, దాని పట్టీ నెర్రెలు వాసి ఉంది. లోతున నీరు వేసవిలోనూ ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుందనీ, సూటులోకి నీరు చేరితే పని సగంలో విడిచి పైకి రావలసిందేననీ అతడు చెప్పాడు. కొత్త జిప్పు సంచిలోనే ఉంది. అతికించేవాడు లేడు. దిగవలసినది ఎల్లుండి ఉదయం.

మా వీధి చివర పంక్చర్లు వేసే సాయిబు ఒకడుండేవాడు. పులివెందుల చీనీతోటలలో ట్రాక్టర్ల ట్యూబులకు అతుకులు వేసి చేయి తిరిగినవాడు. సూటును అటూ ఇటూ తిప్పి, వైద్యుడు నాడి చూచినట్లు వేలితో నొక్కి, "అయ్యోరా, ఇది ట్యూబే. కాకుంటే కాళ్లుండాయి" అని తేల్చాడు.

పాత జిప్పును వేడి చూపి ఊడదీశాడు. రబ్బరును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ మూడు పూతలు పూసి, కొత్త జిప్పు నిలిపి, రాత్రంతా బరువు పెట్టాలన్నాడు. నేను నా నిఘంటువు సంపుటాలన్నీ మోసుకొనిపోయి దాని మీద పేర్చాను. అంతకుముందు వాటి వలన అంత గట్టి ప్రయోజనం కలిగినట్లు నాకు జ్ఞాపకం లేదు.

మరునాడు మేనల్లుడు సూటును నాకు అప్పగించి, గేటు చూచి వస్తానని జమ్మలమడుగు బస్సెక్కాడు. ఇక సాయిబు పరీక్ష మొదలైంది. సూటులోకి గాలి కొట్టి, జిప్పు వెంబడి సబ్బునురుగు పూసి, బుడగలు లేస్తాయేమో చూడాలి. గాలి పోకుండా మెడలో ఒక రాగి చెంబు బోర్లించి బిగించాడు. చేతులకు రెండు గోలీసోడా సీసాలు దోపాడు. పంపు కొట్టేకొద్దీ సూటు బొజ్జ పెంచింది. దానిని దుకాణం చూరుకు వేలాడదీశాడు. చెంబు తలతో, రెండు చేతులా సీసాలతో ఒక స్థూలకాయుడు వీధిలోకి చూస్తూ నిలిచాడు.

పాత వర్గాలు కొత్తగా పార్టీ జెండాలు కప్పుకొన్న కాలమది. ప్రొద్దుటూరులో దిష్టిబొమ్మ తగలబడని వారం ఉండేది కాదు. సబ్బునురుగు పూయడం పూర్తి కాకమునుపే ఒక జీపు వచ్చి ఆగింది. పదిమంది దూకారు.

"ఎవుడ్రా మా అన్నను చూరుకు ఏలాడదీసింది? చేతికి సీసాలు గూడా ఇచ్చినారే!"

"నాయనలారా, ఇది ప్రతిమ కాదు, వస్త్రము" అన్నాను. నా మాట ఎవరి చెవినీ సోకలేదు.

అంతలో రెండవ వర్గంవారు వచ్చారు. వీరు నవ్వి పోతారనుకొన్నాను. అయితే అవమానం పొందినవారికే మరునాడు బందు చేసే హక్కు దక్కుతుందన్న ధర్మసూక్ష్మం నాకప్పటికి తెలియదు.

"ఏందప్పా, మీ అన్న అంటాండారే? ఆ బొజ్జ సూడు. అది మా అన్నది."

"మీయన్నకు బొజ్జ యాడిది? ఎండిన చిక్కుడుకాయ మాదిరుంటాడు."

"మొన్ననే మా అన్న మీటింగులో తాగుడు మానేసినానని చెప్పె. అందుకే సీసాలు పెట్టినారు. అవమానం జరిగింది మాకు!"

"మీకెట్ల జరుగుతాది? శానా ఏండ్ల నుంచి జరుగుతాండేది మాకు!"

సాక్ష్యం కోసం వీరు ఎడమ కాలు, వారు కుడి కాలు పట్టుకొన్నారు. సాయిబు నెత్తి కొట్టుకొన్నాడు. "లాగబాకండి సామీ! సొల్యూషన్ ఇంకా పూర్తిగా ఆరల్యా. జిప్పు లేసిపోతాది!"

"మనిషి తొడిగి చూపితే ఇది నీరు చొరని వస్త్రమని నమ్ముతారా?" అని అరిచాను. నమ్ముతామన్నారు. కాని తొడగడానికి ఎవడూ ముందుకు రాలేదు. ఆ జిప్పు వేయించుకోవాలంటే ఇంకొకరికి వీపు అప్పగించాలి. ఆ సంవత్సరాలలో ఆ సీమలో అంతటి సాహసి లేడు. చూపులన్నీ నా మీదికి తిరిగాయి.

సాయిబు సూటును దించి, చెంబునూ సీసాలనూ ఊడదీశాడు. నేను ఉత్తరీయం తీసి, గోచిపంచెను కాళ్లలోకి కుక్కుకొని దూరాను. సాయిబు జిప్పు పళ్లకు కొవ్వొత్తి రుద్ది ఒక్క గుంజు గుంజాడు. గుంపులో నా పూర్వవిద్యార్థి ఒకడు, "సారూ, సంధులు జెప్పేటప్పుడు గూడా మీరింత బిగుసుకోల్యా" అన్నాడు.

"బట్టే అనుకో. నీళ్లు పోవంటాండారే, అదీ సూద్దాం" అన్నాడు జీపులో వచ్చినవాడు. అంతే. రెండు వర్గాలూ కలిసి నన్నెత్తి, ఎదుట ఉన్న గొడ్ల నీళ్లతొట్టిలో దించాయి. ఆ రెండు వర్గాలు ఒక్క చేతిగా పని చేయడం నేను చూచినది అదొక్కసారే. సూటులో మిగిలిన గాలంతా పాదాలలోకి చేరి, నా కాళ్లు ఆకాశానికి లేచాయి. చెరొక కాలు పట్టి ఇరువర్గాలవారూ ఓపికగా నన్ను మెడలోతు ముంచారు.

బస్సు దిగి వచ్చిన మేనల్లుడు చూచినది ఈ దృశ్యమే. అతడు నన్ను బయటికి తీయించి జిప్పు లాగాడు. నా చొక్కా పిండితే నీళ్లు కారాయి. సాయిబు ముఖం నల్లబడింది. మేనల్లుడు దుకాణం మెట్టు మీద కూలబడి, "ఇక రేపు దిగినట్టే మామా" అన్నాడు.

సాయిబు నా చొక్కా అంచును వేలితో అద్ది నాలుకకు రాచుకొన్నాడు. "అయ్యోరా! ఉప్పగుండాది! ఇవి తొట్టి నీళ్లు గాదు, మీ చెమట!"

ఒక వర్గం నాలుకను మరొక వర్గం నమ్మదు గనుక, అటొకడూ ఇటొకడూ వచ్చి తొట్టినీ, నా చొక్కానూ వేరువేరుగా రుచి చూశారు. "తొట్టి చప్పగుండాది" అన్నాడొకడు. "సారు ఉప్పగుండాడు" అన్నాడింకొకడు. అవమానం ఎవరికీ జరగలేదని అంగీకరించి, ఇరువర్గాలవారూ కొంత నిరాశతోనే వెళ్లిపోయారు.

మరునాడు మేనల్లుడు జలాశయంలో దిగాడు. సాయిబు, నేను గట్టున కూర్చున్నాము. గంట గడిచిన పిదప గేటు కదిలి కాలువలోకి నీళ్లు దూకాయి. అతడు పైకి రాగానే సాయిబు పరుగున పోయి జిప్పు తీసి, లోపల చేయి పెట్టి వీపంతా తడిమాడు. పొడిగా ఉంది.

"చుక్క రాలేదు సాయిబూ" అన్నాడు మేనల్లుడు ముక్కు రుద్దుకొని గట్టిగా గాలి పీలుస్తూ. తరువాత నా వైపు తిరిగి, "కానీ మామా, గంటసేపు లోపల నువ్వు కూడా ఉన్నట్టే ఉంది. కాస్త దూరంగా కూర్చో" అన్నాడు.