చోడి రొట్టె చుట్టి బడి దక్కించుకున్నాను

మా చిన్నతనంలో కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయంటే మా ఊరి ఆడపిల్లలకు బడి ఆగిపోయేది... అనంతగిరి దాటాక కొండ మీద మా ఊరు. తెల్లారగానే పెద్దవాళ్ళంతా తోటకి కోతకు పోయేవారు. ఇంటి పెద్దకూతురు మాత్రం ఉండిపోయి, కూడు వండి, చంకన గిన్నె, నెత్తిన నీళ్ళ బిందెతో మధ్యాహ్నానికి తోటకి చేరాలి.

ఆ ఏడు మా ఇంట్లో ఆ పెద్దకూతుర్ని నేను. అప్పుడు నాది ఐదో తరగతి.

"కోతలయ్యేదాకా బడి మానీ. మల్లీ ఎల్దువు గాని" అన్నాడు మా అయ్య, కత్తి నూరుకుంటూ, అదేదో చిన్న సంగతన్నట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకు ముందు ఏడు పక్కింటి పిల్ల కూడా కోతలయ్యేదాకా అనే మానింది... మళ్ళీ బడి మొహం చూడలేదు. అందుకే ఏడుస్తూ కూర్చోలేదు. "మీరు బయల్దేరకముందే మజ్జానం కూడు కట్టిత్తే బడికెల్లొచ్చా?" అని అడిగాను.

అయ్య నవ్వాడు. "కట్టిత్తావు, బాగానే ఉంది. సేతులు కడుక్కోడానికి నీలు ఎవులు తెత్తారే? మీ మేష్టారు తెత్తాడా?"

మాట నిజమే. కాఫీ పళ్ళు కోసిన చేతులు జిగురుతో అట్టకట్టినట్టు ఉంటాయి. గెడ్డ, అదే వాగు, ఎక్కడో తోట కింద పారుతుంది. చేయి కడగకుండా, ఆకుతో పట్టుకుని తినే తిండి కావాలి... అమ్మ మధ్యలో కలగజేసుకుంది. "మూడ్రోజులు సూద్దారి, దాని మాట కూడా సూద్దారి" అంది. అయ్య సరేనన్నాడు.

మొదటి రోజు చోడి పిండి, అదే మీ రాగి పిండి, చన్నీళ్ళతో కలిపి రొట్టె కాల్చాను. ముందురోజు సాయంత్రం ఉడికించిన రాజ్మా గింజల్లో పచ్చిమిర్చి, ఉప్పు వేసి మెదిపి, రొట్టె మధ్యలో పెట్టి చుట్టబోతే... పుటుక్కున విరిగింది. ఇంకోటీ అంతే. ఏం చేస్తాను, ఆ ముక్కల్నే విస్తళ్ళు కుట్టే అడ్డాకులో మూటకట్టి ఇచ్చాను.

సాయంత్రం అయ్య వచ్చి, "ఆకు ఇప్పితే అంతా పొడే. సగం సీమలు తిన్నాయి" అన్నాడు.

రెండో రోజు విరక్కుండా ఉండాలని మందంగా తట్టాను. పైన మాడింది, లోపల పచ్చిగా ఉండిపోయింది. అమ్మ ఎలాగో మింగిందట. అయ్య ఆకు కూడా విప్పలేదు. "ఇంకొక్క రోజే" అన్నాడు.

మూడో రోజు పొద్దున చూస్తే డబ్బాలో పిండి సగమే ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. మూలన కుండలో ముందురోజు ఉడకబెట్టిన చిలగడదుంపలు నాలుగు కనిపించాయి. పిండి చాలక, వేరే దారి లేక వాటినే తొక్క తీసి పిండిలో పిసికేశాను. బయటికెళ్ళి నీళ్ళు తెచ్చే టైము లేదు... టీకి పెట్టిన నీళ్ళు మరుగుతుంటే అవే చిలకరించి కలిపాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. పోనీలే అనుకున్నాను.

తడిచేత్తో పల్చగా తట్టి, కాల్చి, రాజ్మా ముద్ద పెట్టి వేడిమీదే చుట్టాను. వంగింది. నిజంగా వంగింది... ఎక్కడా ఒక్క చీలిక లేదు. ఇక ఆగుతానా? రెండోదానికి లోపల వలిసెల కారం కూడా రాశాను. నువ్వుల్లాంటి వలిసె గింజలు వేయించి, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరిన పొడి అది. అడ్డాకులో చుట్టి, అడుగు మడిచి, నారతో కట్టాను. ఆకు కొంచెం కొంచెం ఒలుచుకుంటూ తినడమే, చేయి తగలక్కర్లేదు.

ఆ రోజు బళ్ళో మేష్టారు పన్నెండో ఎక్కం చెప్పమంటే పదకొండోది అందుకున్నాను. నా మనసంతా తోటలోనే ఉంది మరి.

సాయంత్రం అయ్య కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మే నవ్వుతూ చెప్పింది. "మీ అయ్య రొట్టి సగం కోతల మేస్త్రీ లాక్కుని తినీసినాడే. కోతకొచ్చిన ఆడోలంతా ఎలా సేసిందని ఒకటే అడగడం."

మర్నాడు పొద్దున్నే ఇద్దరు పిన్నమ్మలు పిండి, దుంపలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "ఓలమ్మా, మాకూ సుట్టీయే గుంటా" అన్నారు. మా వైపు గుంటంటే ఆడపిల్ల.

నేను తక్కువదాన్నా? "సుట్టను. మీ గుంటల్ని పంపండి, నేర్పుతాను. రొట్టి మీకు, బడి ఆలకి" అన్నాను. పదేళ్ళ దాన్ని, నడుం మీద చేతులు పెట్టుకుని మరీ అన్నాను. ఆ వారానికల్లా మా పొయ్యి చుట్టూ నలుగురం. రొట్టెలు చుట్టి పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, మావి మేం సంచిలో వేసుకుని, నలుగురం బడికి పరుగు.

ఒకరోజు వాళ్ళకి నార కట్టడం చూపిస్తూ ఆలస్యం చేశాను. కోతకి బయల్దేరిన అయ్య వెనక్కి తిరిగి, "ఇంకా ఏటి సేత్తన్నావే? గంట కొట్టేత్తారు. బేగి ఎల్లు" అని గదిమాడు.

మానేయమన్న అయ్యే బేగి వెళ్ళమంటున్నాడు... దారంతా గంతులేస్తూ వెళ్ళాను. ఆ కోతల్లో ఒక్క రోజు కూడా బడి మానలేదు నేను.

ఇప్పుడు ఈ కొండల్లోనే టీచర్ని. బళ్ళోనే భోజనం పెడుతున్నారు, పిల్లలకు తమ కూడు కోసం పొద్దున్నే పొగలో కూర్చునే బాధ తప్పింది. నా కూతురు ఆ చుట్టిన రొట్టెనే ర్యాప్ అంటుంది, ఫాయిల్‌లో చుట్టమంటుంది. చుట్టిస్తాను గానీ ఆ అడ్డాకు వాసన రాదు...

అన్నీ మారాయి. అయినా కాఫీ కోతలప్పుడు హాజరు పిలుస్తుంటే ఎవరో ఒక ఆడపిల్ల పేరుకి జవాబు రాదు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్తాను. వాళ్ళ అయ్య ఏమన్నా సరే, ఆ పిల్ల రేపు బడికి వస్తుందనే దాకా లేవను. నిరుడు ముగ్గురి ఇళ్ళకు వెళ్ళాను... ముగ్గురూ మర్నాడు బళ్ళో ఉన్నారు.

మీరు బడికెళ్ళడానికి ఇంట్లో ఎవరితో పోట్లాడారు? మధ్యాహ్నానికి ఏం మూటకట్టుకుని వెళ్ళేవారు? చెప్పండి, వింటాను...